బొమ్మలో ఎండ

మా బావమరిది ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, సూర్యుణ్ణి పెట్టడం అని చెప్పేవాణ్ణి. అడిగినవాళ్లు నవ్వేవారు, వాడు ముఖం మాడ్చుకునేవాడు. మా ఆవిడ చూసే చూపుకి నా నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోయేది. తమ్ముణ్ణి ఎవరేమన్నా ఆవిడకి పడదు, అందులోనూ అనేది నేనైతే అసలు పడదు. ఇప్పుడు వాడికి ఆ ఉద్యోగమూ లేదు, నాకు ఆ జోకూ లేదు.

నిజానికి నేను లేనిదేమీ కల్పించి చెప్పలేదు. వాడు పనిచేసిన ఆఫీసులో ఇంకా కట్టని ఇళ్లకి బొమ్మలు చేస్తారు. బిల్డరు ప్లాను పంపిస్తాడు. వీళ్లు కంప్యూటర్లో గోడలు లేపి, సోఫా వేసి, కర్టెన్లు కట్టి, అచ్చం ఫొటో తీసినట్టుండే బొమ్మ చేసి ఇస్తారు. జనం అది చూసి ఇళ్లు కొంటారు. గది ఎంత ఇరుకైనా ఫరవాలేదట, ఎండ మాత్రం పడాలట. కిటికీలోంచి దిగి, నేలమీద పాకి, సోఫా కాలు దాకా వచ్చి ఆగిన పొద్దుటి ఎండ. అది పెట్టడంలో మావాణ్ణి మించినవాడు ఆ ఆఫీసులో లేడు. సూర్యుణ్ణి ఎటు పెట్టమంటారు సార్ అని అడిగితే, కొనేవాడు ఎటు చూస్తే అటు పెట్టవయ్యా అనేవాడట వాళ్ల పెద్దసారు. ఈ మాట ఇంటికొచ్చి వాడే చెప్పి పడీపడీ నవ్వేవాడు. మొదట్లో.

వాణ్ణి ఇంట్లో అందరం బుడ్డోడనే అంటాం. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావలసిన మనిషి, అయినా బుడ్డోడే. తల్లి పోయేనాటికి వాడు నిక్కర్లు వేసుకునే వయసు. అప్పటినుంచి మా ఆవిడే వాడికి తల్లి. పెళ్లికి ముందే నాకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది, నాతోపాటు వీడూ వస్తాడు, ఆలోచించుకోండి అని. నేను పెద్దగా ఆలోచించలేదు. ఆ రోజు నుంచి మా హాల్లో ఉన్న మంచం వాడిది, బాత్‌రూము ముందు క్యూలో మొదటి స్థానం కూడా వాడిదే.

మేముండేది ఒక పాత మేడలో వెనక వాటా. ముందు వాటావాళ్లకి వీధి ఉంది, మాకు పక్కింటి గోడ ఉంది. కిటికీ రెక్క సగం తెరవగానే ఆ గోడకి తగిలి ఆగిపోతుంది. మా ఇంట్లో పొద్దున లేచినవాళ్లు ముందు లైటు వెయ్యాలి, తర్వాతే ఎదుటివాళ్ల మొహం చూడాలి. కరెంటు పోతే పట్టపగలు తడుముకోవడమే. మా ఆవిడ ఉద్యోగమైనా వెలుతుర్లో ఉందా అంటే, అదీ లేదు. ఆస్పత్రి అడుగున, బేస్‌మెంటులో ల్యాబు. రోజంతా మైక్రోస్కోపులో కళ్లు పెట్టి రక్తంచుక్కలు చూడటం. ఆవిడకి పగటి వెలుతురు దొరికేది బస్సులోనే. అందుకని కిటికీ పక్క సీటు లేకపోతే వచ్చిన బస్సు వదిలేసి ఇంకో బస్సుకి ఆగేది. పక్కన నిలబడి నేను ఎన్నిసార్లు పళ్లు నూరానో లెక్కలేదు.

ఆవిడ నన్ను పెద్దగా ఏదీ అడిగిన మనిషి కాదు. ఆదివారం పొద్దున లైటు వేసుకోకుండా, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఒక పుస్తకం చదువుకోవాలండీ, అంతే, అనేది. అంతే అన్న ఆ మాట విన్నప్పుడల్లా నాకు సిగ్గుగా ఉండేది. ఫర్నిచర్ షోరూములో సేల్స్‌మన్‌ని నేను. ఎన్ని కుర్చీలు కావాలన్నా తెచ్చిపెట్టగలను, వెలుతురొచ్చే కిటికీ ఎక్కణ్ణుంచి తేను?

బుడ్డోడు ఆర్కిటెక్చరు చదివింది కూడా ఈ చీకటి మీద కోపంతోనే. చదువుకునే రోజుల్లో అట్టముక్కలతో ఇల్లు కట్టి నేలమీద పెట్టేవాడు. అక్క టార్చిలైటు పట్టుకుని దాని చుట్టూ మెల్లగా తిరగాలి. అంటే ఆవిడే సూర్యుడన్నమాట. వాడు బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, వెలుగు ఏ గదిలో ఎంత దూరం పడుతుందో చూసి పెన్సిల్‌తో గీతలు గీసేవాడు. ఇంకొంచెం కిందకి అక్కా, ఇప్పుడు చలికాలం, అనేవాడు. ఆవిడ నడుం నొప్పంటూనే వంగేది. ఆ గీతలు చూసే పెద్దసారు వాణ్ణి ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఎండ ఎక్కడ పడుతుందో ఇంత బాగా తెలిసినవాడు, పడని చోట ఇంకా బాగా పెడతాడని ఆయన లెక్క.

ఒక శని సాయంత్రం వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. టీ ఇవ్వడానికి వెళ్లిన మా ఆవిడ కప్పు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. తెరమీద ఒక హాలు. నిలువెత్తు కిటికీ, తెల్లటి పల్చటి కర్టెను, నేలమీద వెడల్పుగా పరుచుకున్న ఎండ. ఎక్కడరా ఇది అని అడిగింది. ఎవరో బిల్డరుదిలే అక్కా అని వాడు కప్పు అందుకున్నాడు. ఆవిడ మళ్లీ ఏమీ అడగలేదు. బొమ్మ మూలనున్న బిల్డరు పేరు మాత్రం చదివి పెట్టుకుంది.

తర్వాతి సెలవు రోజున నన్ను బయల్దేరదీసి ఆ బిల్డరు ఆఫీసుకి తీసుకెళ్లింది. బుడ్డోడికి చెప్పొద్దు, అన్నీ కుదిరాక చెబుదాం, వాడు ఎగిరి గంతేస్తాడు అంది. ఆ ఆఫీసు ఊరి చివర ఖాళీ స్థలంలో, అద్దాల షెడ్డులో ఉంది. పక్కన పునాదుల గొయ్యి. మాకు చూపించిన ఫ్లాటు హాలు కిటికీకి ఎదురుగా ప్రస్తుతానికి పిచ్చిమొక్కలు. అక్కడ తోట వస్తుందని సేల్స్ అమ్మాయి చెప్పింది. నేను సవాలక్ష ప్రశ్నలు అడిగాను. నేనూ అమ్ముకుని బతికేవాణ్ణే కదా, అవతలివాళ్ల మాట అంత తేలిగ్గా నమ్మను. మా ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు అదేమంటే, బొమ్మ చేసింది మనవాడండీ, ఇంకేం అడగాలి అంది. ఆ మాటతో నా నోరూ మూతపడింది. ఫ్లాటు మా పేరున బుక్ చేసుకున్నాం.

వాడితో చెప్పింది భోజనాల దగ్గర. రంగుల బ్రోషరు తీసి కంచం పక్కన పెట్టి, ఏముందో చూడు అంది. వాడు చూశాడు. ఎగిరి గంతెయ్యలేదు సరికదా, నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఎప్పుడు బుక్ చేశారు అని మాత్రం అడిగాడు. కడుపు నిండిందని సగంలో చెయ్యి కడుక్కున్నాడు. సంతోషం పట్టలేకపోతున్నాడని మా ఆవిడ అనుకుంది. నాకు అలా అనిపించలేదు.

ఆ మర్నాటినుంచి వాడి వరస మారింది. ఊరికి మరీ దూరం అక్కా అన్నాడు. నీళ్లకి ఇబ్బందట అన్నాడు. పై అంతస్తు అయితే బాగుండేది అన్నాడు. ఆ బిల్డరు ఎప్పుడూ ఆలస్యం చేస్తాడట అన్నాడు. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. జవాబు వినకుండానే ఇంకోటి తెచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అగ్రిమెంటు మీద సంతకాల రోజు దగ్గరపడుతుంటే వీడి నస ఎక్కువైంది. ఒకరోజు వాడు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే దగ్గరికెళ్లి మొహం మీదే అడిగేశాను.

"ఏరా, అక్కకి ఒక ఇల్లు అమరుతుంటే నీకెందుకురా కడుపుమంట? నీకూ ఒక గది ఉందిగా అందులో."

వాడు రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు. ఆ హాల్లోకి ఎండ రాదు బావా అన్నాడు. నాకు అర్థం కాలేదు. మెల్లిగా చెప్పుకొచ్చాడు. కిటికీ ఎదురుగా తోట లేదు. అక్కడ ఇదే బిల్డరు రెండో బ్లాకు కడతాడు. మొదటి బ్లాకు ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాక మొదలుపెడతాడు. వాడి కంప్యూటర్లో ఆ రెండో బ్లాకు మొదటినుంచీ ఉంది. బొమ్మలన్నీ ఒకదానిమీద ఒకటి పరిచిన పల్చటి కాగితాల్లా ఉంటాయట, ఏ కాగితం కావాలంటే అది దాచెయ్యొచ్చు. వాళ్లు వాటిని లేయర్లంటారు. ఎదుటి బిల్డింగు లేయర్ ఆపేసి పని మొదలుపెట్టడం ఆ ఆఫీసులో అందరికీ అలవాటు. చెప్పులు విప్పి గదిలోకి వెళ్లినట్టు, చెయ్యి దానంతటదే ఆ మీట నొక్కేస్తుంది. దీన్ని ఎవరు కొంటారు, ఆ కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారు అని ఒక్కసారి కూడా తట్టలేదట వాడికి.

"ఈ ముక్క మీ అక్కతో చెప్పడానికేం? నీళ్లూ దూరం అంటూ ఈ నాటకాలెందుకు?"

"చెబితే, మిగతావి కూడా ఇంతేనా అని అడుగుతుంది బావా. నా బొమ్మలన్నీ ఫోన్లో దాచుకుంది. ల్యాబులో అందరికీ చూపిస్తుంది. ఏం చెప్పమంటావు?"

నా కోపం ఎటుపోయిందో పోయింది. వాడి పక్కనే మెట్టుమీద కూలబడ్డాను. ఇద్దరం మగవాళ్లం బుర్రలు బద్దలుకొట్టుకుని ఒక అబద్ధం తయారుచేశాం. నేను ఫోన్ చేసి బుకింగు రద్దు చేస్తాను. ఆ ఫ్లాటు పొరపాటున వేరేవాళ్లకి ఇచ్చేశారట అని ఆవిడతో చెబుతాను. నాలుగు రోజులు బాధపడుతుంది, మర్చిపోతుంది. వాడి ఉద్యోగం వాడికుంటుంది, వాడి మీద ఆవిడ నమ్మకం ఆవిడకుంటుంది. ఐడియా నాదే. చాలా గొప్పగా ఉందనిపించింది కూడా.

ఆదివారం పొద్దున చెబుదామనుకున్నాను. గొంతు సవరించుకుని హాల్లోకి వెళ్లేసరికి మా ఆవిడ గోడ దగ్గర నిలబడి ఉంది. బ్రోషర్లో ఆ హాలు బొమ్మ ఉన్న పేజీ చింపి గోడకి అంటించింది. మా హాలుకే గనక వెలుతురొచ్చే కిటికీ ఉండుంటే అది ఉండాల్సిన చోట. బల్బు వెలుగులో ఆ కాగితం మెరుస్తోంది. రారా బుడ్డోడా, ఇది చూడు అని తమ్ముణ్ణి పిలిచింది. బొమ్మలో కిటికీ పక్కన, నేలమీద ఎండ పడినచోట, పెన్సిల్‌తో చిన్న కుర్చీ గీసి ఉంది. ఆవిడకి బొమ్మలు రావు. కుర్చీ కాళ్లు నాలుగూ నాలుగు పొడుగులు.

"ఇక్కడ వేసుకుంటాను. సోఫా కొంచెం అటు జరిపితే సరిపోతుంది కదా?"

నేను తయారుచేసుకున్న మాట నోటిదాకా వచ్చింది. వాడు నాకంటే ముందే అనేశాడు.

"అక్కా, ఆ ఎండ నేను పెట్టింది."

"నువ్వు పెట్టావని తెలుసులేరా, అందుకేగా నచ్చింది."

"కాదక్కా. అక్కడ ఎండ రాదు."

మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. మొహం సంగతి అర్థం చేసుకున్నా పెదవులకి ఇంకా అర్థం కానట్టు ఉంది. వాడు ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టి ఆ హాలు తెరిచాడు. ఏమీ మాట్లాడకుండా ఒక మీట నొక్కాడు. కిటికీ నిండా బూడిదరంగు గోడ వచ్చి నిలబడింది. నేలమీద ఎండ ఒక్కసారిగా మాయమైంది. ఇంకోసారి నొక్కాడు. గోడ పోయింది, ఎండ వచ్చింది. మా ఆవిడ వంగి, ల్యాబులో చూసినట్టే కళ్లు చికిలించి చూసింది. మళ్లీ నొక్కు అంది. నొక్కాడు. మళ్లీ అంది. చివరికి ఆవిడే ల్యాప్‌టాప్ మూసేసింది.

వాడు అనుకున్న ప్రశ్న ఆవిడ అడగలేదు. మిగతా బొమ్మల సంగతి ఎత్తనే లేదు. మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకుంటోంది. ఇక ఆగలేక నేనే అందుకున్నాను. సంతకాలకి ముందే తెలిసింది, అంతవరకు బతికిపోయాం, మనం పక్కకి తప్పుకుందాం, వీడు చెప్పాడన్న సంగతి బయటకి పొక్కకూడదు, వీడి ఉద్యోగానికి ఎసరొస్తుంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ విన్నదో లేదో తెలియదు. తమ్ముడి వైపే చూస్తోంది.

"మరి ఆ ఇల్లు ఎవరో ఒకళ్లు కొంటారు కదా."

వాడు తల ఊపాడు.

"వాళ్లకి ఆ ఆఫీసులో తమ్ముడుండడు కదరా."

అంతే అంది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆవిడ వాణ్ణి నాలుగు పీకినా బాగుండేది. వాడు ఆ రోజు భోజనానికి లేవలేదు. ఆవిడ పిలవనూ లేదు. అన్నేళ్లలో వాణ్ణి భోజనానికి పిలవకపోవడం అదే మొదటిసారి. నాకు ఇద్దరిమీదా కోపం వచ్చింది. లోకంలో ఉన్న అబద్ధాలన్నీ మా వెనక వాటాలోనే తేలాలా అనిపించింది.

మర్నాడు షోరూములో ఒక పెద్దాయన డైనింగు టేబుల్ మీద చెయ్యి వేసి నిమురుతూ, టేకేనా బాబూ అని అడిగాడు. టేకేనండీ అని రోజుకి పదిసార్లు చెప్పే జవాబే. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ వేళ ఆ మాట నోట రాలేదు. పైన పొర టేకండీ, లోపల కాదు అన్నాను. ఆయన చెయ్యి తీసేసి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఒంట్లో బాలేదా అని అడిగాడు. మా ఇంట్లో బాలేదు సార్ అన్నాను.

ఆ రోజే బుడ్డోడు పెద్దసారుని కలిశాడు. బొమ్మలో రెండో బ్లాకు కూడా చూపిద్దాం సార్ అన్నాడట. ఆయన చెడ్డవాడేమీ కాదు. వీడికి జ్వరం వచ్చినప్పుడు కారులో ఇంటిదాకా దింపి వెళ్లిన మనిషి. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, నెమ్మదిగా చెప్పాడట. కింద చిన్న అక్షరాల్లో ఇది ఊహాచిత్రం అని వేస్తున్నాం కదా, జనానికి ఆమాత్రం తెలియదా అన్నాడట. మా అక్కకి తెలియలేదు సార్, నన్ను ఇంట్లో పెట్టుకుని కూడా తెలియలేదు అన్నాడట వీడు. అయితే మీ అక్కని కొనొద్దని చెప్పు, ఇక్కడితో వదిలెయ్ అన్నాడట ఆయన. ఇదంతా వాడు నాతో చెబుతూ, ఆయన చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒకటే బావా అన్నాడు. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

ఆ వారమంతా వాడు వేళకి వెళ్లాడు, వేళకి వచ్చాడు. అక్కాతమ్ముళ్ల మధ్య ఉప్పు అందించు, తలుపు వెయ్యి తప్ప మాటల్లేవు. గోడమీద కాగితం అలాగే ఉంది. నేను తీసెయ్యబోతే ఆవిడ ఉండనివ్వండి అంది. ఆ బిల్డరు ఆఫీసులో గోడంత పెద్ద బొమ్మ పెట్టబోతున్నారని, అది తయారుచేసి ప్రింటుకి పంపే పని వాడిదేనని నాకు తెలుసు. ఇష్టం లేకపోయినా పని పనే కదా, చేస్తున్నాడనుకున్నాను.

బుకింగు రద్దు చేసుకోవడానికి మేం బయల్దేరిన రోజు పొద్దున వాడు ఆఫీసుకి పోతూ గుమ్మంలో ఆగాడు. అక్కా, అక్కడ గోడమీద బొమ్మ ఒకసారి చూసిరా అన్నాడు. ఆ వారంలో వాడు ఆవిడతో అన్న పెద్ద మాట అదే.

మేం వెళ్లేసరికి అద్దాల షెడ్డు కళకళలాడుతోంది. కొత్త టైల్స్, కొత్త పూలకుండీలు, ఎదురుగా గోడ మొత్తం ఆక్రమించిన బొమ్మ. అదే హాలు, అదే నిలువెత్తు కిటికీ. కిటికీ నిండా బూడిదరంగు గోడ. దానిమీద నీళ్ల పైపులు, ఎవరిదో బాత్‌రూము వెంటిలేటరు. నేలమీద ఎండ లేదు. గది మధ్యలో పైనుంచి బల్బు వెలుగుతోంది. పొద్దుటి పూటే అని తెలియడానికి గోడ గడియారం కూడా పెట్టాడు. బల్బుకి సరిగ్గా కింద ఒక కుర్చీ, కుర్చీలో బోర్లించిన పుస్తకం. కుర్చీ కాళ్లు నాలుగూ నాలుగు పొడుగులు.

ఆఫీసువాళ్లు అప్పటికింకా దాన్ని సరిగ్గా చూసినట్టు లేరు. బొమ్మ వచ్చింది, బిగించారు, అంతే. చూసింది కొత్తగా పెళ్లయిన ఒక జంట. ఆ అమ్మాయి మా వరసలోనే ఇంకో ఫ్లాటుకి సంతకం పెట్టడానికి పెన్ను తీసి, తలెత్తి బొమ్మ చూసి, పగలు లైటెందుకు వెలుగుతోందండీ అని అడిగింది. సేల్స్ అమ్మాయి అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. తడబడి, ప్రింటింగులో పొరపాటు జరిగిందండీ, మార్పించేస్తాం, అసలు బొమ్మ బ్రోషర్లో ఉంది చూడండి అని చకచకా పేజీలు తిప్పింది. మొగుడు సర్దుకుపోయే రకం. పొరపాట్లు మామూలేలే, నువ్వు పెట్టు అన్నాడు. ఆ అమ్మాయి మళ్లీ కాగితం మీదకి వంగింది.

మనకెందుకు అని నేను మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇక్కడ నోరు విప్పితే బుడ్డోడి ఉద్యోగం ఊడినట్టే. ఇంకా నయం, పొరపాటంటున్నారు కదా, వాడూ పొరపాటేనని తప్పించుకోవచ్చు. ఇదంతా ఆవిడ చెవిలో చెప్పాను. ఆవిడకీ ఇదంతా తెలుసు, నాకంటే బాగా తెలుసు. కాసేపు ఆ బొమ్మనే చూస్తూ నిలబడింది. తర్వాత నా చెయ్యి విడిపించుకుని ఆ అమ్మాయి దగ్గరికెళ్లింది.

"అది పొరపాటు కాదమ్మా. ఆ కిటికీ ముందు ఇంకో బిల్డింగు వస్తుంది. ఎండ రాదు."

ఆ అమ్మాయి బిత్తరపోయింది. మొగుడికి కోపం వచ్చింది. మీరెవరండీ మధ్యలో అన్నాడు. షెడ్డులో అందరూ మా వైపే చూస్తున్నారు. మా ఆవిడ బొమ్మకేసి చెయ్యి చూపించింది.

"ఆ కుర్చీ నాది బాబూ. బొమ్మ చేసింది మా తమ్ముడు."

ఆ అమ్మాయి బొమ్మని చూసింది, మా ఆవిడని చూసింది, బయట పిచ్చిమొక్కలకేసి చూసింది. పెన్నుకి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

మేం బుకింగు రద్దు కాగితం మీద సంతకం పెట్టి బయటపడేలోపే ఫోన్లు మొదలయ్యాయి. నిచ్చెన వేసుకుని ఇద్దరు మనుషులు బొమ్మ ఊడదియ్యడం అద్దంలోంచి కనిపించింది. పాత బొమ్మ ఎండతో సహా మళ్లీ ఆ గోడెక్కిందని తర్వాత విన్నాను. ఆ ఫ్లాటు ఎవరో ఒకరు కొనుక్కునే ఉంటారు. బుడ్డోడు ఆ తర్వాత తిరగని ఆఫీసు లేదు. పేరు వినగానే కబురు చేస్తామంటారు, ఇంతవరకు ఏ కబురూ లేదు. వాడు మంచి పని చేశాడా అని నన్నడిగితే, చేశాడనే అంటాను. మనసారా అంటున్నానా అని మాత్రం అడక్కండి.

ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా మా ఆవిడ దానికోసం చూడలేదు. దొరికినచోట కూర్చుంది. ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. వాడు చీకట్లో తన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర ఆఫీసు నుంచి తెచ్చుకున్న సామాను సంచి. రేపట్నుంచి రావద్దన్నారు అన్నాడు, ఎవరో బయటివాళ్ల సంగతి చెబుతున్నట్టు. మా ఆవిడ వాడి పక్కన కూర్చుంది.

"కుర్చీ తప్పుచోట పెట్టావురా. నేను కిటికీ పక్కన గీశాను."

"కిటికీ దగ్గరైతే అక్షరాలు కనిపించవక్కా. అందుకే బల్బు కింద వేశాను."

ఆవిడ వాడి తలని రెండు చేతుల్తో భుజానికి అదుముకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారని గొంతుల్ని బట్టి తెలుస్తోంది గాని, ఆ చీకట్లో మొహాలు కనిపించడం లేదు. బయట మిట్టమధ్యాహ్నం. నేను వెళ్లి లైటు వేశాను.